పొలంలోనే వాతావరణ పరిశోధన: సర్కారు గ్రాంటుకు ప్రపోజల్ రాసే పద్ధతి

పరిశోధన గ్రాంటు రైతు పేరు మీద రాదు, సంస్థ ఖాతాలోకే వస్తుంది. అందుకని కోలారు, చిక్కబళ్లాపుర రైతులతో పనిచేసే ఎఫ్‌పీవో (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) అయినా, బెంగళూరులో రిజిస్టరైన ట్రస్టు అయినా ముందు శాస్త్రవేత్తను వెతుక్కోవాలి. బెంగళూరు జీకేవీకే ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్, లేదా మీ జిల్లా కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం). ప్రపోజల్ అంతా రాసేసి చివర్లో సంతకం కోసం వెళ్తే ఎవరూ పెట్టరు, పెట్టినా పనిచేయరు.

చిన్న ప్రయోగమైతే విడిగా గ్రాంటు అక్కర్లేదు. కేవీకే శాస్త్రీయ సలహా కమిటీ సమావేశానికి ముందే సమస్యను రాసిస్తే, వచ్చే ఏడాది పొలం ప్రయోగాల్లో చేర్చుకునే వీలుంటుంది. వాతావరణ మార్పును తట్టుకునే సాగు కోసం ఉన్న నిక్రా పథకంలో గ్రామ ప్రదర్శనలు కూడా కేవీకేల ద్వారానే నడుస్తాయి. నాబార్డ్ ఫార్మ్ సెక్టార్ ప్రమోషన్ ఫండ్‌కైతే జిల్లా డెవలప్‌మెంట్ మేనేజర్‌ను కలవాలి. స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ)లో ‘సీడ్’ అనే విభాగం ఉంది, విత్తనాలతో దానికి సంబంధం లేదు. ఆర్‌కేవీవై (రాష్ట్రీయ కృషి వికాస్ యోజన) రాష్ట్రం ద్వారా వెళ్లేది, చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన ఉన్న కమిటీ మంజూరు చేయాలి. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇక అసలు పని. మొదటి రెండు పేజీలు భూతాపం గురించి రాస్తే పరిశీలకులు తిప్పేస్తారు. వాళ్లకు కావాల్సింది ఒక్క ప్రశ్న. ఉదాహరణకు: వాన ఆలస్యమై రాగి విత్తడం ఆగస్టుకు జరిగినప్పుడు ఏది దిగుబడిని నిలబెడుతుంది? ఒక మడిలో రైతు అలవాటుగా వేసే జీపీయూ-28 రాగి రకం వెదజల్లడం, రెండోదాంట్లో స్వల్పకాలిక రకం, మూడోదాంట్లో ముందే పోసుకున్న 21 రోజుల నారు నాటడం. ఇంతే.

ఎంతమంది రైతులు? ఒక్కో రైతు పొలాన్ని ఒక రెప్లికేషన్‌గా, అంటే ప్రయోగాన్ని ఒకసారి పూర్తిగా చేసినట్టుగా, లెక్కేయండి. ఫలితం ఎంత నమ్మదగిందో చెప్పే గణాంక కొలత, ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, కనీసం 12 ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. మూడు పద్ధతులు, ఏడుగురు రైతులు అయితే (3-1)×(7-1) = 12, అంటే ఏడుగురు చాలు. కానీ పదిమందిని తీసుకోండి. బోరు ఎండిపోయిందనో, పొలం అమ్మేశామనో ఇద్దరు ముగ్గురు తప్పుకోవడం మామూలే. ఒక్కొక్కరి దగ్గర పది గుంటల మడులు మూడు. ఏ మడిలో ఏది వేయాలో చీటీలు తీసి తేల్చండి. రైతుకే వదిలేస్తే సారమున్న మూల కొత్త రకానికి వెళ్తుంది, ఫలితం అక్కడే చెడుతుంది. కోతప్పుడు ప్రతి మడిలో 5×5 మీటర్ల గడి కోసి, గింజ ఆరాక తూచి, ఆ కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది.

వాన లెక్కకు కర్ణాటక ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం (కేఎస్‌ఎన్‌డీఎంసీ) పంచాయతీ స్థాయి వివరాలు పనికొస్తాయి గానీ, ఈ ఊళ్లో పడ్డ వాన పక్క ఊళ్లో పడదు. రైతుల పొలాల మధ్య ఒక రెయిన్‌గేజ్ పెట్టండి. పక్కనున్న చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి, రోజూ ఉదయం 8:30కి చూసి రాయాలి. ఎవరు రాస్తారో, వాళ్లకెంత ఇస్తారో బడ్జెట్‌లో కనిపించాలి.

బడ్జెట్‌లో ఎక్కువమంది మరిచేది పంట నష్టపరిహారం. ప్రయోగం మడిలో దిగుబడి తగ్గితే రైతుకు ఎంత, ఎప్పుడు ఇస్తారో ముందే ఒప్పందంలో రాసి, డబ్బు బ్యాంకు ఖాతాలోకే వేయండి. నగదు చెల్లింపుల్ని ఆడిటర్ వదలడు. జేఆర్‌ఎఫ్‌ను (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పెట్టుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరు. పంట నవంబరు, డిసెంబరులో ఇంటికొస్తుంది, ఆర్థిక సంవత్సరం లెక్క మార్చి 31కి మూసుకుంటుంది. మంజూరు ఆలస్యమైతే ఒక ఖరీఫ్ పోయినట్టే, అందుకే ఒక సీజన్ పనికి రెండేళ్లు అడగండి.

కాగితాల విషయంలో దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థల సర్కారు పోర్టల్ నంబరు), పీఎఫ్‌ఎంఎస్ (సర్కారు చెల్లింపుల వ్యవస్థ) నమోదు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు సిద్ధంగా ఉండాలి. పాన్, బ్యాంకు, దర్పణ్ మూడింట్లో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి, లేకపోతే మంజూరైన డబ్బు కూడా ఆగిపోతుంది. కేంద్ర గ్రాంటుకు ఖర్చు పత్రం జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో ఇవ్వాలి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి.

రైతు సమ్మతి పత్రం దగ్గర ఒక మాట. బాగేపల్లి, శ్రీనివాసపుర వైపు రైతులు మాట్లాడేది తెలుగే అయినా చాలామంది చదివింది కన్నడ మీడియం. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర తీసుకోకండి. కన్నడంలో అచ్చువేసి, తెలుగులో చదివి వినిపించి, చదివింది ఎవరో కింద రాయించండి. పహణి (భూమి రికార్డు) నకలూ, ఎఫ్‌ఐడీ (రైతు గుర్తింపు) నంబరూ అదే రోజు తీసుకుంటే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.