అమ్మోనైట్ శిలాజాల సేకరణకు బయలుదేరే ముందు: తిరుపతి విద్యార్థులు పాటించవలసిన జాగ్రత్తలు

అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు కనిపించే క్వార్ట్‌జైట్ బండల్లో అమ్మోనైట్ శిలాజాలు, అంటే చుట్టలు తిరిగిన గుల్లతో ఒకప్పుడు సముద్రంలో బతికి అంతరించిన జీవుల శిలాజాలు, దొరకవు. ఆ రాళ్లు ఏర్పడి వంద కోట్ల సంవత్సరాలు ఎప్పుడో దాటిపోయింది. అప్పటికి సముద్రంలో గుల్ల ఉన్న జీవి ఒక్కటీ పుట్టలేదు. మనం వెతికే అమ్మోనైట్ల జురాసిక్ కాలం సుమారు 20 కోట్ల సంవత్సరాల కిందట మొదలై 14.5 కోట్ల సంవత్సరాల కిందట ముగిసింది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. శిలాజాల మీద కొత్తగా ఆసక్తి కలిగిన పిల్లలు కొందరు సుత్తి చేతపట్టి మొదట కొండ వైపే చూస్తారు. ఘాట్ రోడ్డు పక్కన పాత గ్రానైట్ మీద ఈ క్వార్ట్‌జైట్ కూర్చున్న చోటును, అంటే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీని, కొండ మీది శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించారు. వాటిని కంటితో చూసి, ఫొటో తీసుకొని రావాలే తప్ప అక్కడ ఒక్క పెచ్చు కూడా ఊడగొట్టకూడదు.

మన దేశంలో జురాసిక్ అమ్మోనైట్లకు పేరుపొందిన నేల గుజరాత్‌లోని కచ్. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకపట్టి చలి మొదలయ్యే డిసెంబరు, జనవరి నెలల్లో మన భూగర్భశాస్త్ర విద్యార్థులు అక్కడికి క్షేత్రపర్యటనకు వెళ్తుంటారు. చాలా ఏళ్లపాటు అలాంటి బృందాల వెంట వెళ్లిన అనుభవంతో చెబుతున్నాను: కాపాడుకోవలసినవి ముఖ్యంగా రెండు. ఒకటి మీ కళ్లు, రెండవది మీరు తీసిన రాయి ఏ పొరలోదో చెప్పే సమాచారం. రెండింటికీ ముప్పు వచ్చేది దాదాపు ఒకే వేళలో, సాయంత్రం బస్సు హారన్ కొట్టిన తరువాత, చివరి రాయిని గబగబా పెకలించబోయినప్పుడు. అందుకే బస్సు బయలుదేరడానికి గంట ముందే సుత్తులన్నీ సంచుల్లోకి వెళ్లాలన్న నియమం మా బృందంలో ఉండేది. ఆ గంట కేవలం రాసుకోవడానికి, పొట్లాలు కట్టుకోవడానికి.

ముందు కళ్ల సంగతి చూద్దాం. ఇంట్లో మేకులు కొట్టే సుత్తిని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకురావద్దు. మేకు మెత్తటి ఇనుము. రాయి అలా కాదు. గట్టి రాతి మీద, ఉలి మీద పదేపదే కొట్టినప్పుడు మామూలు సుత్తి అంచు పెచ్చుగా లేచి తూటాలా ఎగురుతుంది. ఒకసారి మా బృందంలోని విద్యార్థి ఒకరు సున్నపురాతి గుండును అలాంటి సుత్తితో కొట్టగా, బియ్యపు గింజలో సగం కూడా లేని ఇనుప పెచ్చు పక్కన వంగి చూస్తున్న అమ్మాయి కనుబొమ్మలో దిగింది. వేలెడు కిందికి తగిలి ఉంటే చూపు పోయేది. కొట్టినవారు అద్దాలు పెట్టుకున్నారు, చూస్తున్న అమ్మాయి పెట్టుకోలేదు. కనుక భూగర్భశాస్త్రజ్ఞుల కోసం ఒకే ఉక్కు ముద్దను సాగగొట్టి చేసిన సుత్తినే వాడండి. పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలను సుత్తి పట్టినవారే కాక దగ్గర నిలబడిన ప్రతివారూ పెట్టుకోండి. సుత్తిని సుత్తితో కొట్టకండి. ఉలిని రోజూ ఉదయం చూసుకోండి: దెబ్బలు తిన్న ఉలి తల చదునై అంచులు గొడుగులా విచ్చుకుంటే, ఆ అంచులను సాన పట్టించి తీసివేయనిదే వాడకూడదు. ఒకవేళ కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకండి, నీళ్లు కొట్టకండి, పీకడానికి ప్రయత్నించకండి. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పును బోర్లించి టేపుతో అంటించి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక పొర సంగతి. కచ్ జురాసిక్ రాళ్లను కింది నుండి పైకి పచ్ఛం, చారీ, కట్రోల్, ఉమియా అని నాలుగు భాగాలుగా చెప్పడం వాడుక. చారీ భాగం పైఅంచున ధోసా ఊలైట్ అనే గట్టి పట్టీ ఉంటుంది. చేతిలోకి తీసుకొని భూతద్దంతో చూస్తే చేప గుడ్లు ముద్ద కట్టినట్టు గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. అమ్మోనైట్లు భూచరిత్రలో వేగంగా రూపం మార్చుకున్న జీవులు. ఒక జాతి కొద్దికాలమే బతికి పోవడం వల్ల, ఏ పొరలో ఏ జాతి ఉందో చూసి ఆ పొర వయసును, వందల మైళ్ల దూరంలో ఉన్న మరో పొరతో దానికున్న సంబంధాన్ని నిర్ణయించగలుగుతున్నారు. 1873 నుండి 1875 వరకు వాగెన్ అనే శాస్త్రవేత్త, ఆ తరువాత 1927 నుండి 1933 వరకు స్పాత్ అనే మరో శాస్త్రవేత్త కచ్ అమ్మోనైట్ల మీద ప్రచురించిన బృహత్ గ్రంథాలకు విలువ ఉన్నది ఆ పొరల లెక్క వల్లనే. పొర తెలియని అమ్మోనైట్ ఎంత అందంగా ఉన్నా అల్మారాలో అలంకారంగా మిగులుతుంది.

కాబట్టి రాయి మీద చేయి వేయకముందే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. ఆ పొర అడుగు నుండి శిలాజం ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. శిలాజం మీద ఒక సంఖ్య, అదే సంఖ్య నోటు పుస్తకంలో, అదే సంఖ్య పొట్లం లోపలి చీటీ మీద ఉండాలి. చీటీని పెన్సిలుతోనే రాయండి; చెమట చేతులతో పట్టుకున్నప్పుడు పెన్ను సిరా అలుక్కుపోయి, మూడో రోజుకు ‘7’ ఏదో ‘1’ ఏదో తెలియకుండా పోవడం నేను చూశాను. వాగు అడుగున విడిగా దొరికినదాన్ని ‘జారిపడినది’ అని స్పష్టంగా రాయండి. అది పైనున్న ఏ పొర నుండైనా దొర్లి ఉండవచ్చు. ఊహించి పొర పేరు రాయడం కన్నా ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

తీసేటప్పుడు శిలాజాన్ని కాక దాని చుట్టూ ఉన్న రాతిని కొట్టాలి. చుట్టుపక్కల రెండు మూడు అంగుళాల రాయి వదిలి, ఉలి మొనను ఎప్పుడూ శిలాజానికి దూరంగా వాల్చి, చిన్న చిన్న దెబ్బలతో కాలువలా తవ్వుతూ రండి. మిగిలిన రాతిని ఇంటికి వచ్చాక సూదితో తీరికగా తొలగించుకోవచ్చు. శిలాజం విరిగితే ముక్కలన్నీ, ఎదురు రాతిలో మిగిలిన అచ్చుతో సహా, ఒకే పొట్లంలో పెట్టండి. దూది వాడకండి, దాని పోగులు గుల్ల గాట్లలో చిక్కుకుంటాయి. మెత్తని టిష్యూ కాగితం, దాని మీద వార్తాపత్రిక చాలు. పెద్ద బండలో పళ్లెమంత అమ్మోనైట్ ఇరుక్కొని కనిపిస్తే దాన్ని అక్కడే వదిలి రండి. దాన్ని పగలగొట్టి మూడో వంతు తెచ్చుకున్నవారికీ పూర్తి శిలాజం దక్కదు, తరువాత వచ్చే విద్యార్థికీ దక్కదు.

అనుమతుల విషయంలో మొహమాటం వద్దు. పొలమైతే రైతును, ఊరి భూమి అయితే పంచాయతీని, అడవి అయితే అటవీశాఖను ముందుగా రాతపూర్వకంగా అడగాలి. కచ్ ఉత్తర భాగం సరిహద్దు ప్రాంతం. రణ్ వైపు కొన్ని చోట్లకు పర్మిట్ లేనిదే పోనివ్వరు. డ్రోన్లు తీసుకువెళ్లకండి. దారిలో అమ్మజూపే శిలాజాలను కొనకండి. మీరు ఇచ్చే డబ్బు మరో పొరను తవ్వి పాడుచేయడానికే ఖర్చవుతుంది.

ఎండ, నీళ్లు, పాములు ఎవరికైనా తెలిసిన జాగ్రత్తలే గనుక క్లుప్తంగా చెబుతాను. డిసెంబరులో కూడా మధ్యాహ్నం నీడ లేని గుట్టల మీద మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. సర్కారు తుమ్మ ముళ్లు పలచటి బూట్ల అడుగును చీల్చుకొని పైకి వస్తాయి, కనుక మందపాటి అడుగున్న చీలమండ బూట్లు వేసుకోండి. రక్తపింజరి కుటుంబానికే చెందిన ఒక చిన్న పాము అక్కడి రాళ్ల కింద ఉంటుంది. అది పొలుసులు ఒకదానితో ఒకటి రాచి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. రాయిని చేత్తో కాక సుత్తి మొనతో మీ వైపుకే తిప్పండి, అప్పుడు కింద ఉన్నది అవతలి వైపుకు పోతుంది. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం చేయకుండా ఆ కాలును కదలనివ్వక 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

కచ్ దూరమైనవారు తమిళనాడులోని అరియలూరు వెళ్తున్నారు. అక్కడివి జురాసిక్ తరువాతి క్రెటేషియస్ కాలపు అమ్మోనైట్లు, కానీ చేతికి అలవాటు కావడానికి అది మనకు కచ్ కన్నా దగ్గరి చోటు. కారై గ్రామం దగ్గరి మట్టి గండ్లలోకి వాన వచ్చేటప్పుడు దిగకండి; ఆ బంకమట్టి తడిస్తే జారుతుంది, గట్టు మీ మీదికే రావచ్చు. మట్టిలో అడ్డంగా నడిచే జిప్సం పలకల అంచులు గాజు ముక్కల్లా చేతులు కోస్తాయి, చేతి తొడుగులు తప్పనిసరి. సిమెంటు గనుల్లోకి యాజమాన్యం అనుమతి, హెల్మెట్ లేకుండా, పేలుళ్ల వేళలు తెలుసుకోకుండా అడుగు పెట్టకండి.

ఎత్తైన చోటుకు, అంటే హిమాచల్‌లోని స్పితికి వెళ్లాలనుకునేవారు ఫెర్డినాండ్ స్టోలిచ్కాను తలచుకోవాలి. దక్షిణ భారత అమ్మోనైట్ల మీద, హిమాలయ శిలల మీద అంత పని చేసిన ఆ శాస్త్రవేత్త 1874లో మధ్య ఆసియాలోని యార్కండ్ నుండి తిరిగి వస్తూ లడఖ్ ఎత్తులలో మరణించారు. అప్పటికి ఆయన వయసు నలభైలోపే. స్పితిలో శిలాజాలు దొరికే ఊళ్లు నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. మొదటి రెండు రోజులు సుత్తి పట్టకుండా విశ్రాంతి తీసుకోండి. తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే ఆ రాత్రి తెల్లవారే దాకా ఆగక కిందికి దిగిపోండి.

ఇంగ్లండులో చదువుతున్న మన పిల్లలు సెలవుల్లో చార్మౌత్ తీరానికి వెళ్లి అమ్మోనైట్లు ఏరుతుంటారు. అక్కడ సముద్రం వెనక్కి తగ్గుతున్న వేళలోనే వెళ్లాలి, కొండచరియ కింద నిలబడకూడదు, చరియను తవ్వక ఇసుకలో విడిగా పడినవే ఏరుకోవాలి. అలా ఏరిన ఒక పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అమ్మోనైట్‌ను నా పాత విద్యార్థి ఒకరు తెచ్చి ఇచ్చారు. కొత్త ఇత్తడి బిళ్లలా మెరిసేది. తిరుపతిలో నవంబరు తుపాను వానలు వారం పాటు పట్టినప్పుడు అల్మారాలో దాన్ని మరచిపోయాను. తెరిచి చూసేసరికి గాట్ల మీద తెల్లటి పొడి, పుల్లని గంధకపు వాసన, కింద పరచిన కాగితానికి మాడినట్టు గోధుమరంగు చిల్లు. పైరైట్ తేమను, గాలిని పీల్చుకొని ఇనుప సల్ఫేటుగా, గంధకామ్లంగా మారుతుంది. ఒకసారి మొదలైతే ఆపడం కష్టం.

మన పూజామందిరాల్లోని సాలగ్రామాలు చాలావరకు నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే జురాసిక్ అమ్మోనైట్ గుండ్లే, వాటిలోనూ తరచూ పైరైట్ ఉంటుంది. నిత్యం అభిషేకం చేసేవారు తరువాత మెత్తని పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వడం ఆ రాయికి మేలు. లోపల చక్రం ఉందో లేదో చూడాలని ఎవరూ వాటిని పగలగొట్టించకండి.

కచ్ నుండి తెచ్చినవాటిని కూడా రాగానే కుళాయి కింద పెట్టకండి. షేల్ (పలకలుగా విడిపోయే మట్టిరాయి) ముక్కలు నీళ్లు పీల్చి ఉబ్బి పొరలుగా ఊడిపోతాయి. పొడి బ్రష్షు చాలు. సున్నపురాతి అమ్మోనైట్ మీద ఆమ్లం పోస్తే రాతితో పాటు శిలాజమూ కరిగిపోతుంది. పొడిగా గీకేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. వచ్చిన మొదటి ఆదివారమే పొట్లాలన్నీ విప్పి, ప్రతి సంఖ్యనూ నోటు పుస్తకంతో సరిచూసి, పుస్తకం నకలు ఒకటి మీ విభాగం మ్యూజియంలో ఇచ్చి రండి.