జీపు వెనక చిన్న ట్రైలర్ కట్టి లాగడం ఎలా?

మా తాతయ్య ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు వేయించేటప్పుడు "ముందు బరువు చూసుకోండ్రా" అని పదేపదే చెప్పేవాడు. వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేచి కాడి ఎడ్ల మెడ మీద నిలవదు. ముందు మరీ ఎక్కువైతే వాటి మెడలు నలిగిపోతాయి.

చాలా ఏళ్ల తర్వాత ఆస్టిన్ నుంచి డాలస్‌కు ఇల్లు మారుతూ, రెండు తలుపుల జీప్ రాంగ్లర్ వెనక అద్దె ట్రైలర్ కట్టుకుని ఐ-35 హైవే ఎక్కినప్పుడు ఆ మాట నాకు గుర్తు రాలేదు. వెట్ గ్రైండర్, బియ్యం బస్తాలు, పుస్తకాల పెట్టెలు ఆఖరున ఎక్కించాం కాబట్టి బరువంతా ట్రైలర్ తలుపు దగ్గరే ఉంది. వేగం 60 మైళ్లు దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది, దాంతో పాటే జీపు కూడా. వెనక సీట్లో పిల్లలున్నారు. ఆ కొన్ని క్షణాల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు బండి ఎంత లాగగలదో చూడండి

కొండలెక్కే బండి కదా, ఎంతైనా లాగుతుందని అనుకోవద్దు. రెండు తలుపుల రాంగ్లర్‌కు మామూలుగా పరిమితి 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. నాలుగు తలుపులవాటిలో చాలా మోడళ్లకు టోయింగ్ ప్యాకేజీ ఉంటే 3,500 పౌండ్లు. మీ బండికి ఎంతో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి. ఇంజన్‌కు బలం లేక కాదు ఈ పరిమితి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువ, స్ప్రింగులు మెత్తన. ట్రైలర్ పక్కకు నెడితే ఇలాంటి బండి తేలిగ్గా తిరిగిపోతుంది.

ఆ అంకెలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసి ఉంటుంది. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పెట్టె ట్రైలర్ ఖాళీగానే 900 పౌండ్ల దాకా తూగుతుంది. 2,000లో ఇక మిగిలేది 1,100 పౌండ్లే.

తగిలించడం

జీపు వెనక ఉండే గుండ్రటి ఇనుప గుండు బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు దగ్గరి పట్టు కప్లర్. ఎన్ని అంగుళాల బాల్ కావాలో కప్లర్ మీద చెక్కి ఉంటుంది. సరిగ్గా అదే సైజు వాడండి. రెండంగుళాల కప్లర్‌లో అంతకంటే చిన్న బాల్ పెట్టినా పట్టుకున్నట్టే కనిపిస్తుంది, గతుకులో ఊడిపోతుంది. గొళ్లెం వేశాక ట్రైలర్ జాక్‌తో ముక్కును కొంచెం పైకి లేపి చూడండి. జీపు వెనక భాగం కూడా దాంతో పాటు లేస్తే పట్టు సరిగ్గా ఉన్నట్టు. తర్వాత జాక్ పూర్తిగా పైకి ఎత్తేయండి.

రెండు సేఫ్టీ చైన్లను కప్లర్ కింద అడ్డంగా, గుణకారం గుర్తులా దాటించి తగిలించండి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు తగలకుండా ఆ చైన్ల ఉయ్యాలలో పడుతుంది. లైట్ల వైరు పెట్టాక ఒకరిని వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు, రెండు ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి.

జీపుకు లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచి ఉంటే ట్రైలర్ ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. బాల్‌ను కిందికి దించే మౌంట్ కొనండి. ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉండాలి.

సామాను ఎక్కించడం

సామానులో 60 శాతం బరువు ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. బరువైనవి అడుగున, ఇరుసుకు కొంచెం ముందు పెట్టండి. దుప్పట్లు, దిండ్లు వెనక్కి. ఏదీ జరగకుండా పట్టీలతో కట్టేయండి.

ఇప్పుడు కప్లర్ దగ్గర ఎంత బరువు పడుతోందో చూడాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. చదునైన చోట చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, జీపు నుంచి విప్పి, బాల్ ఉండే ఎత్తుకు చెక్కలు పేర్చి, వాటి కింద ఇంట్లో మనం బరువు చూసుకునే మిషన్ పెట్టి, కప్లర్‌ను చెక్కల మీద ఆనిస్తే తెలిసిపోతుంది. మిషన్ అంత బరువు మోయగలదో లేదో ముందే చూసుకోండి. ట్రైలర్ 1,600 పౌండ్లయితే 160 నుంచి 240 రావాలి. కానీ రెండు తలుపుల రాంగ్లర్ బాల్ మోయగలిగేది 200 పౌండ్లే, కాబట్టి 160, 200 మధ్య ఉంచండి. 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఎనిమిది నుంచి పది అనుకోండి.

ఆ రోజు మేము టెంపుల్ అనే ఊరి దగ్గర ఎగ్జిట్ తీసుకుని, గ్యాస్ స్టేషన్ పక్కన సామానంతా దించి మళ్లీ ఎక్కించాం. గ్రైండర్, బియ్యం ముందుకు జరిగాయి. అదే ట్రైలర్, అదే బరువు. డాలస్ దాకా మళ్లీ ఊగలేదు.

రోడ్డు మీద

బయల్దేరే ముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవారికి చట్టం ప్రకారం గరిష్ఠ వేగం 55 మైళ్లు. టెక్సస్ బోర్డు మీద 75 ఉన్నా నేను 55 దగ్గరే ఉంటాను. ముందు బండికి మామూలు కంటే రెట్టింపు దూరం వదలండి. మలుపుల్లో ట్రైలర్ చక్రాలు లోపలికి కోసుకుని వస్తాయి, కాబట్టి కాస్త వెడల్పుగా తిరగండి. దిగుడులో గేరు తగ్గించండి.

ట్రైలర్ ఊగితే బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్‌తో సరిదిద్దాలని చూడొద్దు, వేగం పెంచొద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. వేగం తగ్గాక పక్కకు ఆపి సామాను సర్దండి.

రివర్స్

స్టీరింగ్ అడుగు భాగాన్ని ఒక చేత్తో పట్టుకోండి. ట్రైలర్ ఎటు వెళ్లాలో చేతిని అటే జరపండి. చిన్న ట్రైలర్ పెద్దదాని కంటే చాలా త్వరగా మడత పడుతుంది. ఇరుకు సందులోకి ట్రాలీని వెనక్కి పెట్టే ట్రాక్టర్ డ్రైవర్‌ని ఎప్పుడైనా గమనించారా? స్టీరింగ్ చిన్న చిన్నగా తిప్పుతాడు, తేడా వస్తే వెంటనే ముందుకు లాగి మళ్లీ మొదలుపెడతాడు. మీరూ అలాగే చేయండి. గడ్డి మీద, కంకర మీద అయితే ఫోర్ లో (4L, నాలుగు చక్రాలనూ నెమ్మదిగా తిప్పే గేరు) వేసుకుంటే బండి నత్తలా కదులుతుంది, ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. పొడి తారు రోడ్డు మీద మాత్రం అది వేయకండి.

చేరాక విప్పే తొందరలో ఒకటి మర్చిపోతుంటారు. చైన్లు, గొళ్లెం ముట్టుకునే ముందే ట్రైలర్ చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెట్టండి. కంటికి చదునుగా కనిపించే డ్రైవ్‌వే కూడా చాలాసార్లు వీధి వైపు వాలుగానే ఉంటుంది.