టేపు తీసి నడుము కొలవండి, ఇంట్లో ఆడవాళ్లది కూడా

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లని అడగండి, షుగర్ ఎంతో, బీపీ ఎంతో గడగడా చెప్పేస్తారు. నడుము కొలత అడిగితే మాత్రం ప్యాంటు సైజు చెప్తారు. ప్యాంటు ఎప్పుడో పొట్ట కిందకి జారిపోయి ఉంటుంది, ఆ లెక్క చెల్లదు. షుగర్‌కీ గుండెజబ్బుకీ దారితీసే తేడాల గుంపుని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, దాన్ని తేల్చే ఐదు కొలతల్లో నడుము ఒకటి.

టైలర్ టేపు తీసుకోండి. చొక్కా పైకెత్తి, ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో, బిగించకుండా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చారా, మోసపోయేది మీరే. మనవాళ్లకి మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 లేదా పైన వచ్చాయంటే ఐదింటిలో ఒక మార్కు పడినట్టే.

మిగతా నాలుగు: పరగడుపు షుగర్ 100 లేదా పైన, రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 150 లేదా పైన, బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ తాకడం, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కంటే తగ్గడం. ఐదింటిలో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టు. మందులు వేసుకుంటే నార్మల్‌కి వచ్చిన నంబరు కూడా లెక్కలోకే వస్తుంది. కొన్ని రిపోర్టుల్లో హెచ్‌డీఎల్‌కి అందరికీ ఒకటే రేంజ్ వేస్తారు, అందుకే 44 ఉన్న ఆవిడ నాకేం లేదనుకుని కాగితం బీరువాలో పెట్టేస్తుంది.

పొట్టలోపలి కొవ్వు ఊరికే కూర్చోదు. కొవ్వు ఆమ్లాల్ని నేరుగా కాలేయానికి పంపుతుంది, ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, చెడ్డ కొలెస్ట్రాల్ కణాలు చిన్నవై రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరతాయి. ఆ గోడ లోపలి పొరలో నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గేసరికి నాళం సాగదు, బిరుసెక్కుతుంది, దాన్లోకి రక్తం నెట్టీ నెట్టీ గుండె కండరం మందమవుతుంది.

మగవాళ్లలో ఈ నాళాల జబ్బు కాస్త ముందే బయటపడుతుంది. అంగస్తంభన సమస్య ఒక్కోసారి గుండె నాళాల జబ్బుకి తొలి హెచ్చరిక, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. ఆడవాళ్లకి నెలసరి ఆగేదాకా కొంత రక్షణ ఉంటుంది, ఆ తర్వాత కొవ్వు పొట్టకి చేరుతుంది. షుగర్ వస్తే ఆ రక్షణ ముందే చాలావరకు పోతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే అండాశయాల సమస్య), గర్భంలో వచ్చిన షుగర్, బీపీ ఎన్నేళ్ల కిందటివైనా డాక్టరు ముందు పెట్టండి, ఆయన అడక్కపోయినా సరే.

రోజూ అరగంట చురుగ్గా నడవండి, నడక అయ్యాక మురీ మిక్చర్ బండి దగ్గర ఆగకండి. అన్నం తగ్గించి కూర పెంచండి, ఎండు చేపలు ఎప్పుడో ఓసారి చాలు. సిగరెట్ మానేయండి. బరువులో 5 శాతం తగ్గినా ఈ నంబర్లు కదులుతాయి.

గుండెపోటప్పుడు ఆడవాళ్లకీ ఛాతీ నొప్పే ఎక్కువ, కానీ దాంతోపాటు, లేదా అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి రావచ్చు. గ్యాసేమో అని సోడా తాగించి కూర్చోబెట్టకుండా 108కి ఫోన్ చేయండి.