ఎలక్ట్రికల్ అప్రెంటిస్ పరీక్ష మళ్లీ రాసేవారికి – 4వ పాఠం: బ్రాకెట్ ముందున్న మైనస్

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కల్లో మూడోది చాలామందికి తప్పింది. తప్పినవారిలో ఎక్కువమందికి వచ్చిన సమాధానం ఒక్కటే. అందుచేత ఈ వారం చెప్పవలసిన పట్టికలను కాస్త వెనక్కి జరిపి, ముందు ఆ లెక్క సంగతి తేల్చుకుందాం.

అమెరికాలో ఐబీఈడబ్ల్యూ అనే విద్యుత్ కార్మికుల యూనియన్ ద్వారా అప్రెంటిస్‌గా చేరదలచినవారు రాసే ఈ పరీక్షలో బీజగణితానికి 46 నిమిషాల్లో 33 ప్రశ్నలు, పఠనావగాహనకు 51 నిమిషాల్లో 36 ప్రశ్నలు ఉంటాయనీ, 9కి కనీసం 4 వస్తేనే ఇంటర్వ్యూ ఉంటుందనీ, తప్పితే సాధారణంగా ఆరు నెలలు ఆగాలనీ ఒకసారి రాసిన మీకు తెలుసు. ఈ ఆరు నెలల్లో ఓమ్ సూత్రం చదువుతున్నామని కొందరు రాశారు. అది తరవాత పనిలో అక్కరకు వస్తుంది కాని, ఈ పరీక్షలో విద్యుత్తు గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. ఆ సమయాన్ని బ్రాకెట్లకు ఇవ్వండి.

పరీక్షలో ఎక్స్, వై అని ఉండేవాటిని ఇక్కడ క, చ అంటున్నాను. తప్పిన లెక్క ఇది:

7 − 3(క − 4) = 25

ఒక పాఠకురాలు పంపిన కాగితంలో 3 నుంచి కకు ఒక బాణం, 3 నుంచి 4కు మరొక బాణం శ్రద్ధగా గీసి ఉన్నాయి. రెండు బాణాలూ 3 దగ్గరే మొదలయ్యాయి, మైనస్ వాటికి ఎడమ పక్కన విడిగా మిగిలిపోయింది. దాంతో కింది వరుస 7 − 3క − 12 అయింది, సమాధానం −10 వచ్చింది. బాణం మైనస్ దగ్గర మొదలు కావాలి. గుణించేది 3 కాదు, −3. మైనస్ ఇంటు మైనస్ ప్లస్ అని బడిలో వల్లించినది ఇక్కడే పనికి వస్తుంది: 7 − 3క + 12 = 25, అంటే −3క = 6, క = −2. వెనక్కి వేసి చూడండి: −2లోంచి 4 తీస్తే −6, దాన్ని −3తో గుణిస్తే 18, 7 కలిపితే 25.

మరికొందరు ముందుగా 7లోంచి 3 తీసేసి 4(క − 4) = 25 అని రాశారు. గుణకారం కాకముందే తీసివేత చేయకూడదు.

బ్రాకెట్ ముందు అంకె లేకుండా మైనస్ ఒక్కటే ఉన్నప్పుడు ఇంకా ప్రమాదం. 5 − (2క − 3) = 0 అన్నప్పుడు అక్కడ −1 ఉందని పెన్సిల్‌తో రాసుకోండి; సమాధానం 4, పొరబడితే 1. బ్రాకెట్లు రెండుంటే, 2(3క − 1) − 4(క − 5) = 10లో లాగ, రెండోదాని ముందున్న −4 చుట్టూ సున్న చుట్టండి: 6క − 2 − 4క + 20 = 10, క = −4. నేను ఇప్పటికీ మైనస్‌నూ అంకెనూ కలిపి సున్న చుట్టాకే బ్రాకెట్ విప్పుతాను. ఒక్కో ప్రశ్నకు సుమారు 84 సెకన్లు దొరుకుతాయి, సున్న చుట్టడానికి ఒక్క సెకను చాలు.

ఇక పట్టిక. క విలువలు −2, 0, 1, 3 అయితే చ విలువలు వరుసగా 9, 5, 3, −1. ఏ సూత్రం సరిపోతుంది? చ = క² + 5 మొదటి రెండు వరుసలకూ సరిపోయి, మూడో వరుసలో 6 ఇచ్చి తప్పుతుంది. రెండు వరుసలు చూసి ఆగేవారు అక్కడే చిక్కుకుంటారు. సరైనది చ = 3 − 2(క − 1). దీన్ని విప్పితే 5 − 2క వస్తుంది. 1 − 2క అని విప్పినవారు సరైన సూత్రాన్నే కొట్టివేస్తారు. నేను మొదట సున్న ఉన్న వరుస, తరవాత మైనస్ ఉన్న వరుస, ఆ తరవాత మిగిలినవి చూస్తాను.

అభ్యాసానికి ఈసారి లెక్కలు నేను ఇవ్వను. ముందు మైనస్ ఉన్న బ్రాకెట్‌తో ఇరవై సమీకరణాలు మీరే తయారుచేయండి. ముందు సమాధానం అనుకుని, దానికి తగ్గ సమీకరణం కట్టండి. ప్రతిదాన్నీ ఒకసారి సరిగా, ఒకసారి మైనస్ మరచినట్లు చేసి రెండు సమాధానాలూ పక్కపక్కన రాయండి. కాలిక్యులేటర్ ముట్టవద్దు, పరీక్షలో దాన్ని అనుమతించరు. ఆ ఇరవైని రెండు రోజులు పక్కన పెట్టి, సమాధానాలు మూసి, 28 నిమిషాల్లో మళ్లీ చేయండి.