ఒక్క అణువును చూడాలంటే ముందు గాజు కడగాలి

విడి అణువులను మైక్రోస్కోప్‌లో చూసే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు లేజర్ గురించి అడుగుతారు. నేను వాళ్లను సింకు దగ్గరికి తీసుకెళ్తాను. విడిగా ఒక ప్రోటీన్‌ను చూడటంలో సగం పని కవర్‌స్లిప్ అనే పలుచటి గాజు పలకను కడగడమే. గాజు మీద మిగిలిన మురికి కూడా లేజర్ పడితే అచ్చం అణువులాగే మెరుస్తుంది. నా మొదటి నాలుగు నెలలూ అలాంటి చుక్కల్ని లెక్కపెట్టడంలోనే పోయాయి.

సోనికేటర్‌లో, అంటే శబ్ద తరంగాలతో మురికి వదిలించే తొట్టిలో, ముందు అసిటోన్‌తో కడిగి, నీళ్లతో బాగా జాడించాక పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కడగండి. ఆ క్షారం చర్మాన్ని తినేస్తుంది; గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ తర్వాత గాజుకు పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత. అది లేకపోతే ప్రోటీన్ గాజుకు అతుక్కుని ఆకారమే చెడిపోతుంది. పెగ్‌లో కొద్దిగా బయోటిన్ అనే విటమిన్ తగిలించిన పెగ్ కలపండి. బయోటిన్‌ను న్యూట్రావిడిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టుకుంటుంది, దానికి బయోటిన్ తగిలించిన మీ అణువు వేలాడుతుంది.

మీ అణువుల ద్రావణం పికోమోలార్ (మోలార్‌లో లక్ష కోట్లవ వంతు) స్థాయికి పలచబడాలి. చుక్కకీ చుక్కకీ మధ్య చీకటి కనిపించకపోతే ఇంకా పలచన చేయండి.

లేజర్‌ను గాజులోంచి బాగా ఏటవాలుగా పంపితే అది నీళ్లలోకి పోకుండా వెనక్కి తిరుగుతుంది. గాజును ఆనుకున్న 100–200 నానోమీటర్ల పొర మాత్రమే వెలుగుతుంది. అణువుకు తగిలించిన, లేజర్ పడితే మెరిసే రంగు త్వరగా చచ్చిపోకుండా ఆక్సిజన్‌ను తీసేయడానికి గ్లూకోజ్‌తో పాటు గ్లూకోజ్ ఆక్సిడేజ్, కాటలేజ్ అనే ఎంజైములు వేస్తాం. ఆ మిశ్రమం కాసేపటికి ఆమ్లంగా మారుతుంది, కాబట్టి అప్పటికప్పుడు కలుపుకోండి.

కనిపించేది ఒక్క అణువేనా? ఆ చుక్కను ఆరిపోయేదాకా చూడండి. ఒకే ఒక్క రంగు అణువు తగిలించినదైతే వెలుగు ఒక్క మెట్టులో టక్కున పడిపోతుంది. రెండు మెట్లయితే రెండు రంగు అణువులు. మెల్లగా జారితే గుంపో, మురికో. ప్రోటీన్ వేయని స్లైడ్ కూడా ప్రతిరోజూ చూడాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఇంత శ్రమ ఎందుకంటే, పరీక్షనాళికలో కోట్ల అణువులు కలిసి ఇచ్చేది సరాసరి మాత్రమే. సగం అణువులు తెరుచుకుని, మిగతా సగం మూసుకుని ఉంటే అన్నీ అరతెరుపుగా ఉన్నట్టు కనిపిస్తాయి. 1993లో కణంలో సరుకులు మోస్తూ నడిచే కైనెసిన్ అనే ప్రోటీన్‌ను ఆప్టికల్ ట్రాప్‌లో (లేజర్ వెలుగుతో పట్టే ఉచ్చులో) ఒక్కదాన్నే పట్టి చూస్తే 8 నానోమీటర్ల అడుగులు బయటపడ్డాయి. 2003లో అలాగే రెండు కాళ్లతో నడిచే మయోసిన్-5 అనే ప్రోటీన్‌కు ఒక కాలి దగ్గర రంగు పెట్టి చూశారు. చుక్క 250 నానోమీటర్ల వెడల్పున మసకగా ఉన్నా, దాని నడిమధ్యను ఒకటిన్నర నానోమీటర్ల కచ్చితత్వంతో గుర్తించారు. రంగు 74 నానోమీటర్లు దూకుతోంది, ఒంటి మొత్తం నడక మాత్రం 37. అంటే మనలాగే కాలు మార్చి కాలు వేస్తోంది!

అందుకే సరాసరి తీసేముందు కనీసం వంద అణువుల గీతల్ని (కాలంతో పాటు అవి ఎలా మారాయో చూపే గ్రాఫుల్ని) ఒక్కొక్కటిగా కళ్లతో చూడండి. నడుస్తూ ఆగి, మళ్లీ కదిలినవాటిని చెడ్డ డేటా అని తీసేయకండి. వాటిని వేరే ఫైల్‌లో దాచి, ఎంతసేపు ఆగాయో కొలవండి.