మార్కెట్లో కొన్న పీతకి సరైన సైంటిఫిక్ పేరు పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో తాడుతో కట్టి అమ్మే మండపీత పేరు నెట్‌లో వెతికితే స్కిల్లా సెర్రాటా అని వచ్చేస్తుంది. అంతటితో ఆగొద్దు. శాస్త్రంలో పేరు అనేది ఫొటోని బట్టి కాదు, మ్యూజియంలో దాచిన ఒక నమూనాని బట్టి నిలుస్తుంది. దాన్నే టైప్ స్పెసిమెన్ అంటారు.

ముందు వార్మ్స్ (సముద్ర జీవుల పేర్ల ప్రపంచ జాబితా, WoRMS) సైట్‌లో పేరు కొట్టండి. పక్కన ఫోర్స్కాల్, 1775 (ఆ జాతికి మొదట పేరు పెట్టినాయన, అది అచ్చయిన ఏడాది) అని బ్రాకెట్లలో ఉందంటే ఆయన మొదట దాన్ని వేరే ప్రజాతిలో, అంటే వేరే జీనస్‌లో, పెట్టాడన్నమాట (ఆయన పెట్టిన పేరు కాన్సర్ సెర్రాటస్). అలాంటి పాత పుస్తకాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఫ్రీగా దొరుకుతాయి. లాటిన్ చూసి టెన్షన్ పడకండి, పీత ఎక్కడ దొరికిందో కనిపిస్తే ప్రస్తుతానికి చాలు.

ఇప్పుడు టైప్ సంగతి. పేరు పెట్టిన రచయిత ఒక్క నమూనానే ఎంచి చూపిస్తే హోలోటైప్. పాతవాళ్లు చాలాసార్లు నాలుగైదింటిని చూసి రాసేసేవారు, అవి సింటైప్‌లు, వాటిలోంచి తర్వాతివాళ్లు ఒకటి ఎంచితే లెక్టోటైప్. అసలేమీ మిగలకపోతే, పేరు విషయంలో గందరగోళం తీరాలంటే నియోటైప్ (కొత్తగా ఎంచిన టైప్) పెట్టాలి. ఫోర్స్కాల్ 1763లోనే యెమెన్‌లో చనిపోయాడు, పుస్తకం తర్వాత అచ్చయింది. మండపీతల విషయంలో అదే జరిగింది: 1998లో కీనన్ అనే పరిశోధకుడి బృందం ఎర్ర సముద్రం పీతని సెర్రాటాకి నియోటైప్‌గా పెట్టి, మండపీతలు ఒకటి కాదు నాలుగు జాతులని తేల్చింది. అందుకే అంతకుముందు పరిశోధన పేపర్లలో సెర్రాటా అని కనిపిస్తే గుడ్డిగా నమ్మకండి.

ఇక చేతిలో ఉన్న పీత. డెక్క వెనక మణికట్టు లాంటి భాగం ఉంటుంది కదా, దాని బయటి వైపు రెండు పదునైన ముళ్లుంటే సెర్రాటా కావచ్చు, ఒకటే ఉండి అదీ మొద్దుగా ఉంటే ఆ నాలుగింటిలో మరొకటైన ఒలివేసియా వైపు చూడండి. రంగుని మాత్రం నమ్ముకోవద్దు, ఆల్కహాల్‌లో పెడితే పోతుంది. ఏ ఊరి మడ నుంచి వచ్చిందో అమ్మే అన్ననే అడిగి, చీటీ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి, పెన్ను సిరా కరిగిపోతుంది.

సందేహం తీరకపోతే జడ్‌ఎస్‌ఐకి (జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) రాయండి. అత్తాపూర్‌లో ఉన్నది మంచినీటి జీవుల కేంద్రం, సముద్రపు పీతలకి చెన్నై కేంద్రమో కోల్‌కతా ఆఫీసో నయం. టైప్‌లని బయటికి పంపమని అడక్కండి, ఫొటోలు అడగండి.

దేనితోనూ కలవక కొత్త జాతే అనిపిస్తే, జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళిలో 1999 తర్వాతి రూల్ ప్రకారం హోలోటైప్ ఏదో, ఏ మ్యూజియంలో ఉంచుతున్నారో పేపర్లోనే రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పరిశోధన పత్రికైతే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్) రిజిస్టర్ చేసి, ఆ నంబర్ కూడా అందులో వెయ్యాలి.