కాలనీ పర్యావరణ పనులకు గ్రాంట్ కావాలా? ముందు స్థలం కాగితం చూసుకోండి

పార్కులో మొక్కలు, ఇంకుడు గుంతలు, కుంట చుట్టూ కంచె. ఇలాంటి పనులకు వరంగల్, హనుమకొండ కాలనీ సంఘాలు అడగగలిగిన డబ్బు ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది.

మొదటిది గ్రేటర్ కార్పొరేషన్ దగ్గర. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటోంది. ఈ పని కార్పొరేషనే చేయిస్తుంది, డబ్బు సంఘం ఖాతాలో పడదు. కమిషనర్ పేరిట వినతిపత్రం రాసి, డివిజన్ నంబరు, స్థలం ఫొటోలు, సంఘం తీర్మానం నకలు జతచేసి, ఇన్‌వార్డులో (ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే చోట) నంబరు వేయించుకోండి. "గ్రీన్ బడ్జెట్ నుంచి మీ ఖాతాకు ఐదు లక్షలు వేయిస్తా" అనే మనిషి ఎదురైతే మాట అక్కడే ఆపేయడం మంచిది.

రెండోది కంపెనీల సీఎస్ఆర్ డబ్బు, అంటే చట్టం ప్రకారం కంపెనీలు సామాజిక పనులకు పెట్టే ఖర్చు. సింగరేణి, ఎన్టీపీసీ పేర్లే అందరికీ ముందు గుర్తొస్తాయి. కానీ కంపెనీ పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది కాబట్టి గనులు, విద్యుత్ ప్లాంట్ల చుట్టుపక్కల ఊళ్ళను దాటి ఆ డబ్బు హనుమకొండ కాలనీ దాకా రావడం కష్టం. ఇక్కడే ప్లాంటో, గోదామో ఉన్న సంస్థను అడగండి.

దీనికి కావాల్సినవి సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) నంబరు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు), ఆపైన సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి నమోదయ్యే సీఎస్ఆర్-1 ఫారం. దర్పణ్ నమోదు పూర్తిగా ఉచితం. సీఎస్ఆర్-1పై సీఏ లాంటి వారి ధ్రువీకరణ ఉండాలి, దానికి వారి ఫీజు ఉంటుంది. ఇక్కడ రెండు సంగతులు చూసుకోవాలి. బైలాస్‌లో (సంఘం నియమావళిలో) "సభ్యుల సంక్షేమం" ఒక్కటే రాసుకున్న సంఘానికి 80జీ దొరకడం కష్టం. ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం చూపలేని సంఘం సీఎస్ఆర్ డబ్బు నేరుగా తీసుకోలేదు. కొత్త సంఘమైతే, అర్హత ఉన్న పాత స్వచ్ఛంద సంస్థతో కలిసి అడగొచ్చు. దిగులు పడాల్సిన పనిలేదు. 2016 అక్టోబరు నుంచి 2021 ఆగస్టు దాకా రిజిస్టరైన సంఘాల కాగితాల్లో జిల్లా "వరంగల్ అర్బన్" అని ఉంటుంది, ఇప్పుడది హనుమకొండ. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు మాత్రం వరంగల్ జిల్లాలోకి వెళ్ళాయి. పాత, కొత్త పేర్లు కలిసేలా ఒక వివరణ లేఖ జతచేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్న ఫైలు కూడా ఒకచోట ఆగుతుంది. ఆ స్థలం ఎవరిది?

కార్పొరేటర్ సిఫారసు లేఖ పెట్టి అదే ఎన్‌వోసీ (ఆ స్థలంలో పనికి అభ్యంతరం లేదనే పత్రం) అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. స్థలం ఏ శాఖదో ఆ శాఖ అధికారి ఇచ్చిన లేఖ కావాలి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, చేయబోయే పని, తర్వాత నిర్వహణ ఎవరిది అన్నవి ఉండాలి. "అభ్యంతరం లేదు" అనే ఒక్క వాక్యం చాలదు.

అనుమతి పొందిన లేఅవుట్‌లో పార్కు స్థలాన్ని కార్పొరేషన్‌కు గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చి ఉండాలి, దాని నకలు తీసుకోండి. చిక్కంతా తర్వాత గ్రేటర్‌లో కలిసిన ఊళ్ళలో. పాత పంచాయతీ లేఅవుట్ నక్షాలో "పార్కు" అని ఉంటుంది, గిఫ్ట్ డీడ్ ఉండదు, రికార్డులో ఇంకా పాత పట్టాదారు పేరే. ఏళ్ళ తరబడి బెంచీలు వేసి వాడుకున్నా అది హక్కు కాగితం కాదు. అంచనాలు రాయించడానికి ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి.

కుంట అయితే శిఖం భూమి, అంటే చెరువు నీటి కింద మునిగే భూమి. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు రెండింటినీ అడగాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా. అందులో కట్టడం కుదరదు. మొక్కలు, పూడికతీత, చెత్త ఏరివేత అని రాసిన ప్రతిపాదనకు ఎన్‌వోసీ దొరికే వీలుంది. దాంట్లోనే ఒక షెడ్డు, రెండు బాత్రూమ్‌లు చేర్చారా, మొత్తం వెనక్కొస్తుంది. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి దగ్గరివాళ్ళకు ఇంకో గీత ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. ఇంకుడు గుంతే కదా అని తవ్వకండి, ముందు కేంద్ర పురావస్తు శాఖను రాతపూర్వకంగా అడగండి.

దళారులు ఎక్కువ రేటు చెప్పేది కూడా ఈ ఎన్‌వోసీ లేఖకే. దరఖాస్తు మీద సంతకం సంఘం అధ్యక్షుడిది. లేఖ నకిలీదని తేలితే కేసు ఆయన మీదికే వస్తుంది, తెచ్చిచ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆలస్యమవుతోందా, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇన్‌వార్డు నంబరుతో అర్జీ పెట్టండి. ఫైలు ఎవరి దగ్గరుందో తెలియాలంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మంజూరయ్యాక డబ్బు మామూలుగా విడతలుగా వస్తుంది. మొదటి విడత వినియోగ పత్రం సీఏ సంతకంతో ఇస్తేనే రెండోది కదులుతుంది. మట్టి తోలిన ట్రాక్టరుకూ, గుంతలు తవ్విన కూలీలకూ వోచర్ల మీద సంతకాలు ఏ రోజువి ఆ రోజే తీసుకోండి.